చంచల్‌గూడ నుంచి ఎల్‌బీ నగర్ దాకా: నేరాన్ని చదివే చదువులో మనం ఎక్కడ?

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగితే ముందు కళ్లబడేవి కోచింగ్ సెంటర్ల బోర్డులే. కానిస్టేబుల్, ఎస్సై, గ్రూప్స్, బ్యాంకు పరీక్షలు. వెనక గల్లీల్లో చైతన్యపురి, కొత్తపేట దాకా హాస్టళ్లు. నల్లగొండ, పాలమూరు, వరంగల్, ఖమ్మం నుంచి వచ్చిన పిల్లలు గదికి నలుగురైదుగురు చొప్పున ఉంటారు. వాళ్లలో మాల, మాదిగ, లంబాడ ఇళ్ల పిల్లలు తక్కువేం కాదు. అట్రాసిటీ చట్టం ఏ సంవత్సరంలో వచ్చిందో, ఆర్టికల్ 17 ఏం చెబుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

అలాంటి ఒక హాస్టల్ కింద టీకొట్టు దగ్గర, ఎస్సై పరీక్షకు చదువుతున్న తమ్ముడొకడు నన్నడిగాడు: "అక్కా, నువ్వు చేస్తున్న పీహెచ్‌డీ అయిపోతే ఏం పోస్టు వస్తది?" నేను చేసేది అట్రాసిటీ కేసులు కోర్టుల్లో ఎలా నడుస్తాయన్న పరిశోధన. అతను ఎగతాళికి అడగలేదు. ఇంటి నుంచి నెలనెలా డబ్బు తెప్పించుకుని చదివేవాళ్లు ఏ చదువు గురించైనా ముందు అడగాల్సిన ప్రశ్న అది. ఆ రోజు ఏదో తడబడి చెప్పాను. సరిగా చెప్పాల్సిన జవాబు ఇది.

ముందు మేం నిలబడ్డ రోడ్డు సంగతి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేట వైపు వెళ్తే చంచల్‌గూడ సెంట్రల్ జైలు, దాని పక్కనే మహిళల జైలు. కాస్త పక్కకు సైదాబాద్‌లో బాలల గృహం. ఇటు తిరిగితే సరూర్‌నగర్. 2022 మే 4న మతాంతర వివాహం చేసుకున్న ఒక దళిత యువకుణ్ని భార్య సోదరుడు అందరూ చూస్తుండగా నడిరోడ్డు మీద చంపింది ఇక్కడే. ఇంకా ముందుకెళ్తే ఎల్‌బీ నగర్. రంగారెడ్డి జిల్లా కోర్టుల సముదాయం, అందులో అట్రాసిటీ కేసులు విచారించే ప్రత్యేక కోర్టు ఉన్నది అక్కడ. 2023 ఆగస్టు 15 రాత్రి ఒక లంబాడ మహిళను స్టేషన్‌కు తీసుకెళ్లి కొట్టారన్న ఆరోపణ మీద ఇద్దరు సిబ్బంది సస్పెండ్ అయింది, హైకోర్టు తనంతట తానే విచారణకు తీసుకున్నది ఎల్‌బీ నగర్ పోలీస్ స్టేషన్ విషయంలోనే. జైలు, బాలల గృహం, ఠాణా, కోర్టు అన్నీ ఈ దారిలో దగ్గరదగ్గరగా ఉన్నాయి. బాధితులుగా మనం ఉన్నాం, ముద్దాయిలుగా ఉన్నాం, కానిస్టేబుల్ అభ్యర్థులుగానూ ఉన్నాం. ఇదంతా ఎలా నడుస్తోందని లెక్క తీసి రాసేవాళ్లుగా మాత్రం చాలా తక్కువ మందిమి.

ఆ లెక్క తీసే చదువుకు క్రిమినాలజీ అని పేరు. తెలుగులో నేరశాస్త్రం అంటారు. దీన్ని ఫోరెన్సిక్‌తో కలిపేసుకునేవాళ్లే ఎక్కువ. రక్తపు మరక ఎవరిదో, వేలిముద్ర ఎవరిదో తేల్చేది ఫోరెన్సిక్ సైన్స్. దానికి సైన్సు డిగ్రీ కావాలి. ఉస్మానియాలో ఎమ్మెస్సీ కోర్సు ఉంది. ఏ పనికి ఏ సెక్షన్ అని అడిగేది న్యాయశాస్త్రం. నేరశాస్త్రం అడిగే ప్రశ్నలు వేరు. ఒక పనిని నేరం అని ఎవరు పేరు పెట్టారు? అదే పని చేసిన ఇద్దరిలో ఒకరే జైలుకు ఎందుకు వెళ్లారు? ఫిర్యాదు ఇచ్చినవాడు మధ్యలో ఎందుకు రాజీపడ్డాడు? ఇవి సమాజశాస్త్రం అడిగే ప్రశ్నలకు చాలా దగ్గర. అందుకే ఈ రంగంలో మంచి పని చేసినవాళ్లలో సోషియాలజీ, లా, సోషల్ వర్క్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది కనిపిస్తారు.

ఈ శాస్త్రానికి మనతో పాత లెక్క ఒకటుంది. 1871 క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే నేరస్తులని రాసిపెట్టింది. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం ఆ చట్టం కట్టిన ఊరే. ఎరుకలను అక్కడ పెట్టి, సాల్వేషన్ ఆర్మీ కాపలాలో పని చేయించారు. వాళ్లకు హాజరు పట్టీలు, బయటికి వెళ్లాలంటే అనుమతి చీటీలు. అంటే నేరశాస్త్రం మన నేల మీద మొదట చేసిన పని కులం పేరు చూసి దొంగను గుర్తుపట్టడం. చట్టం 1952లో రద్దయింది. దాని స్థానంలో 'అలవాటు నేరస్తుల' చట్టాలు వచ్చాయి. మన ఉమ్మడి రాష్ట్రంలో 1962లో వచ్చింది. హైదరాబాద్‌లోనే ఉండి పనిచేసిన సమాజశాస్త్రవేత్త, న్యాయవాది కల్పన కన్నబిరాన్, నల్సార్ తొలి వైస్ ఛాన్సలర్ రణబీర్ సింగ్ కలిసి వలసపాలన, నేరశాస్త్రం, మానవ హక్కుల మీద 2008లో ఒక సంకలనం తెచ్చారు. ఈ రంగంలోకి రావాలనుకునే తెలుగు విద్యార్థి పాఠ్యపుస్తకం కన్నా ముందు అలాంటిది చదవాలని నా అభిప్రాయం. ఎదురుగా ఉన్న శాస్త్రం ఎవరి చేతుల్లో పుట్టిందో తెలియకుండా దాన్ని నేర్చుకుంటే, దాని భాషలోనే మనల్ని మనం చూసుకోవడం మొదలుపెడతాం.

ఇంకో సంప్రదాయం కూడా మనకుంది. దానికి ఏ యూనివర్సిటీ డిగ్రీ ఇవ్వలేదు. కారంచేడు తర్వాత ప్రభుత్వ ప్లీడర్ పదవికి రాజీనామా చేసిన బొజ్జా తారకం, లెక్కల పాఠాలు చెబుతూ హక్కుల ఉద్యమంలోకి వచ్చి తర్వాత లాయరైన బాలగోపాల్, వాళ్లతో ఊరూరా తిరిగిన నిజనిర్ధారణ బృందాలు. ఘటన జరిగిన చోటికి వెళ్లడం, రెండు పక్షాలనూ అడగడం, ఎఫ్ఐఆర్‌ను, పంచనామాను పక్కపక్కన పెట్టి చదవడం. ఇది అసలైన పరిశోధన పద్ధతే. కానీ ప్రొఫెసర్ ఉద్యోగానికి మార్కులు వేసేటప్పుడు నిజనిర్ధారణ నివేదికను ఎవరూ ప్రచురణగా లెక్కపెట్టరు. ఉద్యమం నుంచి వచ్చేవాళ్లు ఈ సంగతి మొదటి ఏడాదిలోనే తెలుసుకోవాలి. చేసిన పని చేసినట్టే ఉంచి, అదే పనిని జర్నల్ వ్యాసంగా రెండోసారి రాయాలి. రెట్టింపు చాకిరీ. తప్పదు.

దారి ఎటు నుంచి?

క్రిమినాలజీ పేరుతో విడిగా కోర్సులున్న చోట్లు దేశంలో తక్కువే. మధ్యప్రదేశ్‌లో సాగర్, కర్ణాటకలో ధార్వాడ్, తమిళనాడులో మద్రాసు యూనివర్సిటీ, తిరునెల్వేలి మనోన్మణియం సుందరనార్ పాతవి. ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్‌లో సోషల్ వర్క్ ఎంఏలో క్రిమినాలజీ, జస్టిస్ అనే శాఖ ఉంది. జైళ్లలో పనిచేసే 'ప్రయాస్' అక్కడి నుంచే పుట్టింది. గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ యూనివర్సిటీ, రాష్ట్రీయ రక్షా యూనివర్సిటీ కొత్తవి. వాటి చూపు ఎక్కువగా పోలీసు, భద్రత వైపు ఉంటుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. నెట్ పరీక్షలో క్రిమినాలజీకి 68 అని విడిగా కోడ్ ఉంది, సోషియాలజీకి 5, సోషల్ వర్క్‌కు 10. కానీ మన రాష్ట్రంలోని డిగ్రీ కాలేజీలో, యూనివర్సిటీలో క్రిమినాలజీ పేరుతో లెక్చరర్ పోస్టు దొరకడం చాలా అరుదు. సోషియాలజీ పోస్టుకు సోషియాలజీలో పీజీ, నెట్ అడుగుతారు. అందువల్ల ఎంఏ క్రిమినాలజీ చేసినవాళ్లు చదివిన సబ్జెక్టు గొప్పదే అయినా అప్లికేషన్ పెట్టే దగ్గర ఆగిపోతారు. ఇంటి పరిస్థితి అంతంత మాత్రంగా ఉన్నవాళ్లకు నా సలహా ఒకటే. పీజీ సోషియాలజీలోనో, లాలోనో, సోషల్ వర్క్‌లోనో చేయండి, పీహెచ్‌డీ అంశం మాత్రం నేరం, పోలీసు, జైలు, కోర్టుల మీద తీసుకోండి. ఉస్మానియాకు సీపీగెట్ రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి, టాటా ఇన్‌స్టిట్యూట్‌కు సీయూఈటీ పీజీ. చదువు మధ్యలో ఆగిపోయి పనిలో పడ్డవాళ్లకు ఇగ్నో ఎంఏ సోషియాలజీ ఉంది, దానితోనూ నెట్ రాయవచ్చు.

2024 నుంచి నెట్ ఫలితాన్ని మూడు రకాలుగా ఇస్తున్నారు: జేఆర్ఎఫ్ వచ్చినవాళ్లు, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత వచ్చినవాళ్లు, పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హులైనవాళ్లు. తర్వాతి రెండు రకాల వాళ్లకు నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం విలువ. ఆ స్కోరు ప్రవేశాలకు ఒక ఏడాదే పనికొస్తుంది. 30 శాతం ఇంటర్వ్యూ అంటే ఏమిటో మన పిల్లలకు వేరే చెప్పాల్సిన పని లేదు. ఇంకో కష్టం, ఈ సబ్జెక్టుల నెట్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీలలోనే ఉంటుంది. తెలుగు మీడియంలో డిగ్రీ చేసి వచ్చినవాళ్లకు రెండో పేపర్ కన్నా ఆ భాషే పెద్ద పరీక్ష. నేను మొదటిసారి తప్పింది అందుకే.

డబ్బు సంగతి

జేఆర్ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000. ఎస్సీ విద్యార్థులకు సామాజిక న్యాయ శాఖ ఇచ్చే నేషనల్ ఫెలోషిప్ కూడా అంతే మొత్తం, ఏడాదికి 2,000 మందికి. 2005లో రాజీవ్ గాంధీ ఫెలోషిప్‌గా మొదలైంది ఇదే. దానికీ నెట్ రాసి ఉండాలి. ఐసీఎస్ఎస్ఆర్ డాక్టోరల్ ఫెలోషిప్ వేరుగా ఉంది. దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉస్మానియా క్యాంపస్‌లోనే. పోలీసు పరిశోధన బ్యూరో క్రిమినాలజీ పీహెచ్‌డీలకు కొన్ని ఫెలోషిప్‌లు ఇస్తుంది, వాటి గురించి మన దగ్గర తెలిసినవాళ్లే తక్కువ.

కాగితం మీద 37,000 ఉన్నా నెలనెలా చేతికొస్తుందని నమ్మి అప్పు చేయొద్దు. రోహిత్ వేముల చివరి నెలల్లో అతనికి రావాల్సిన ఫెలోషిప్ ఆగిపోయి ఉందన్నది మనందరికీ తెలుసు. ఆ తర్వాత తొమ్మిదేళ్లకు కూడా ఫెలోషిప్ ఆలస్యాల మీద ధర్నాలు ఆగలేదు.

విదేశీ చదువు విషయంలో ఇంకో గోడ కట్టారు. కేంద్రం ఎస్సీ విద్యార్థులకు ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మార్గదర్శకాల్లో 2022లో ఒక వాక్యం చేర్చారు. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధన చేసే అంశాలకు ఆ స్కాలర్‌షిప్ వర్తించదని. అంటే ఒక మాదిగ విద్యార్థి లండన్ వెళ్లి బ్రిటన్ జైళ్ల మీద పరిశోధన చేస్తానంటే ఆ వాక్యం అడ్డు రాదు. చంచల్‌గూడ జైలు మీద చేస్తానంటే వస్తుంది. 1916లో అంబేడ్కర్ కొలంబియాలో చదివిన పత్రం భారతదేశంలో కులాల గురించే. బరోడా మహారాజా స్కాలర్‌షిప్‌కు అలాంటి షరతు లేకపోవడం మన అదృష్టం. మన తెలంగాణ ప్రభుత్వ అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా ఇస్తారు. ఈ రంగంలో బయటికి వెళ్లాలనుకునేవాళ్లు ముందు దాన్నే చూడాలి.

ఎల్‌బీ నగర్ కోర్టులో ఏం చదవాలి?

పరిశోధన అంటే లైబ్రరీ అనుకునేవాళ్లు ఒక వారం కోర్టులో కూర్చోవాలి. అనుమతి కావాలేమోనని చాలామంది భయపడతారు. నేర విచారణ బహిరంగంగా జరగాలన్నది చట్టం. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో అది 366వ సెక్షన్. లైంగికదాడి కేసుల్లాంటివి తప్ప మిగతా విచారణల్లో వెనక బెంచీ మీద ఎవరైనా కూర్చోవచ్చు. ఫోన్ మూసి, నోటు పుస్తకం తెరిస్తే చాలు.

అట్రాసిటీ చట్టం పరిశోధకుడికి మంచి కొలబద్ద ఇస్తుంది, ఎందుకంటే అందులో గడువులు రాసి ఉన్నాయి. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి. 60 రోజుల్లో చార్జిషీటు వేయాలి. ఆ తర్వాత సాధ్యమైనంత వరకు రెండు నెలల్లో విచారణ ముగించాలి. 15ఏ సెక్షన్ ప్రకారం విచారణను వీడియో తీయాలి, బాధితులకు ప్రయాణ ఖర్చులు ఇవ్వాలి. జిల్లా కలెక్టర్ అధ్యక్షతన నిఘా కమిటీ మూడు నెలలకోసారైనా కూర్చోవాలి. ఒక్కో నిబంధన పక్కన ఒక గడి గీసి, జరిగిందా లేదా అని నింపుకుంటూ పోతే అదే డేటా. వాయిదాల తేదీలు ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. కమిటీ మినిట్స్ పది రూపాయల ఆర్టీఐతో అడగవచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. సున్నితమైన కేసులు మినహా ఎఫ్ఐఆర్‌లు ఆన్‌లైన్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. ఠాణాల్లో సీసీ కెమెరాలు ఉండాలని 2020 డిసెంబర్‌లో చెప్పింది. ఉన్నాయా, పనిచేస్తున్నాయా, రికార్డు ఎన్నాళ్లు దాస్తున్నారు అన్నదే ఒక పూర్తి థీసిస్.

కోర్టు బయట చెట్టు కింద ఫిర్యాదుదారుతో మాట్లాడితే కాగితంలో లేనిది తెలుస్తుంది. ఈసారి వాయిదాకు రావడానికి ఎన్ని రోజుల కూలి పోయింది, ఊళ్లో ఎవరు వచ్చి రాజీ మాట్లాడారు, సాక్షి ఎవరి పొలంలో పనిచేస్తాడు. వీటి గురించి రాసేటప్పుడు పేర్లు, ఊళ్లు మార్చాలి. మన పరిశోధన వల్ల కేసులో ఒక్క సాక్షి బెదిరినా ఆ పీహెచ్‌డీ ఎవరికీ పనికిరాదు. వచ్చే వాయిదా దాకా ఆగి, కేసు అయిపోయాక అడగడం నేర్చుకున్నది నేను ఒక తప్పు చేశాకే.

సర్కారు గణాంకాలు కూడా చదవాలి, కానీ అనుమానంతో చదవాలి. 2022లో దేశంలో ఎస్సీల మీద నేరాలు 57,582 అని జాతీయ నేర రికార్డుల బ్యూరో చెప్పింది. అవి జరిగిన నేరాలు కావు, నమోదైన కేసులు. కేసు రాయని ఠాణా ఆ పట్టికలో శాంతియుతంగా కనబడుతుంది. పైగా ఒకే ఎఫ్ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే పెద్దదాన్నే లెక్కిస్తారు. అదే ఏడాది జైలు లెక్కల ప్రకారం దేశంలోని 5.73 లక్షల ఖైదీల్లో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలు. వాళ్లలో ఎస్సీలు సుమారు ఐదో వంతు, 2011 జనాభా లెక్కల్లో మన వాటా 16.6 శాతం. 2024 అక్టోబర్ 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచడాన్ని కొట్టేసింది, జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. మంచి తీర్పు. ఒక జర్నలిస్టు రాసిన పరిశోధన కథనం నుంచి పుట్టిన కేసు అది. గడి పోయాక పాకీ పని ఎవరి చేత చేయిస్తున్నారో ఎలా కనిపెట్టాలన్న ప్రశ్న మాత్రం మనలాంటి వాళ్ల బల్ల మీద పడింది.

పోల్చి చూడటం కూడా పరిశోధనే. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలాయి. 2016 డిసెంబర్‌లో ప్రత్యేక కోర్టు అయిదుగురిని దోషులంది. నాలుగేళ్లు కూడా పట్టలేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టినా తీర్పు వచ్చింది 2007 జూలై 31న, 2014లో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. మిర్యాలగూడ హత్య కేసులో తీర్పుకు ఆరున్నరేళ్లు పట్టింది. దర్యాప్తు సంస్థ తేడానా, ప్రాసిక్యూటర్ల తేడానా, సాక్షుల రక్షణ తేడానా? బాధితుల బాధను తూకం వేయడానికి కాదు ఈ పోలిక. ఏ కేసుకు రాజ్యం ఎంత శక్తి ఖర్చుపెడుతుందో కొలవడానికి. ఈ పోలికతో రాసిన తెలుగు థీసిస్ ఒక్కటీ నా కంటపడలేదు.

ఒక పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన నన్నడిగారు, "మీ వాళ్ల మీద మీరే రీసెర్చ్ చేస్తే ఆబ్జెక్టివిటీ ఎలా వస్తుందమ్మా?" అని. అగ్రకుల పరిశోధకులు సొంత ఊరి భూముల మీద థీసిస్ రాస్తే ఈ ప్రశ్న రాదు. ఆ రోజు నా నోట మాట రాలేదు. తర్వాత డబ్ల్యూ.ఈ.బీ. డుబోయిస్ సంగతి చదివాను. 1896లో ఫిలడెల్ఫియాలోని నల్లవాళ్ల వాడలో ఇల్లిల్లూ తిరిగి, అక్కడి నేరాలకు జాతి కారణం కాదని, నిరుద్యోగం, వివక్ష కారణాలని 1899లో పుస్తకం వేశాడు. ఆ పని అప్పగించిన యూనివర్సిటీ ఆయనకు అధ్యాపక పదవి మాత్రం ఇవ్వలేదు. లోపలివాడు చేసిన లెక్కే ఈరోజు అమెరికా సమాజశాస్త్రానికి పునాదుల్లో ఒకటి. ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లు ఈ జవాబు జేబులో పెట్టుకోండి. దానితో పాటు మీ పద్ధతి ఏమిటో, ఎన్ని కేసులు, ఎలా ఎంచుకున్నారో రెండు వాక్యాల్లో చెప్పడం సాధన చేయండి. రెండోదానికే మార్కులు పడతాయి.

ఇక తమ్ముడి ప్రశ్న. పోస్టు వస్తుందా? అసిస్టెంట్ ప్రొఫెసర్ మొదటి మూలవేతనం 57,700. రెగ్యులర్ పోస్టు వస్తే జీవితం మారుతుంది, కానీ రాష్ట్ర యూనివర్సిటీల్లో ఏళ్ల తరబడి కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ మీదే పాఠాలు చెబుతున్న మన అన్నలు, అక్కలు ఎందరో ఉన్నారు. ఆ ఒక్క దారినే నమ్ముకుని రావొద్దు. మరణశిక్ష పడ్డ ఖైదీల మీద 2016లో వచ్చిన నివేదికను ఢిల్లీ జాతీయ లా యూనివర్సిటీ బృందం చేసింది. శిక్ష పడ్డవాళ్లలో 76 శాతం వెనుకబడిన వర్గాలు, మతమైనారిటీల వాళ్లేనని చెప్పింది అదే. ఆ బృందం ఇప్పుడు 'స్క్వేర్ సర్కిల్ క్లినిక్' పేరుతో మన శామీర్‌పేట నల్సార్‌లో ఉంది. భోపాల్‌లో డీనోటిఫైడ్ తెగల మీద పోలీసింగ్‌ను లెక్కగట్టే చిన్న బృందం ఉంది. ఇండియా జస్టిస్ రిపోర్ట్, కామన్వెల్త్ మానవ హక్కుల సంస్థ, దళిత హక్కుల సంఘాల న్యాయ విభాగాలకు కావలసింది కోర్టు కాగితం చదవగలిగి, ఎక్సెల్ నడపగలిగి, తెలుగులో బాధితులతో మాట్లాడగలిగేవాళ్లు. జీతాలు అంత గొప్పవి కావు, ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగమూ అయిపోతుంది. బాలల న్యాయ చట్టం కింద ప్రొబేషన్ అధికారి పోస్టులు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీర్ పని కూడా ఈ రంగంలోకి మంచి దారులు. ఎస్సై అయ్యాక సెలవు పెట్టి పీహెచ్‌డీ చేసేవాళ్లూ ఉంటారని అతనికి చెప్పాను. ఠాణా లోపల ఏం జరుగుతుందో వాళ్ల కన్నా బాగా రాయగలిగేదెవరు? రాయనిస్తారా అన్నది వేరే సంగతి.

నెట్ ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబర్ సైకిళ్లకు ఉంటుంది. జేఆర్ఎఫ్‌కు వయసు 30 దాటకూడదు, ఎస్సీ, ఎస్టీలకు అయిదేళ్ల సడలింపు ఉంది. పీజీలో మనకు 50 శాతం మార్కులు చాలు. కుల ధ్రువపత్రం, ఆదాయ పత్రం చివరి వారం దాకా ఆగకుండా ముందే మీసేవలో తీసిపెట్టుకోండి. పేరు, ఇంటిపేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే వాటిలో ఉన్నాయో లేదో చూసుకోండి.